తలుపు పెట్టనీయని అయివారు

పొద్దున్నే జమ్మలమడుగు బస్సు పులివెందులలో మా ఖాలా, అంటే పిన్ని, ఇంటి ముందర ఆగింది. అక్కడ స్టాపు లేదు. నేను పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాను. కండక్టరు దిగి, తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బీబమ్మా, మీ బడి అయివారు పోయినాడంటమ్మా. జమ్మలమడుగు ఆసుపత్రిలోనే, తెల్లారుజామున. చెనిక్కాయల లారీలో తెస్తాండారు. నీకు చెప్పమన్యారు."

అబద్ధమెందుకు, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆయన నాతో అన్న మాట, "సోమవారానికి వచ్చేస్తాలే బీబమ్మా, అంతవరకు మూడో తరగతోళ్లకు ఎక్కాలు నువ్వే చెప్పు." నేను చెబుతూనే ఉన్నాను. సోమవారాలు పోతూనే ఉన్నాయి. చెప్పిన మాటకు కట్టుబడని మనిషి కాదాయన. ఆ ఒక్కసారికి తప్పినాడే అని నోరు కడుక్కోకుండా అక్కడే కూలబడి తిట్టుకున్నాను. మా ఖాలా వచ్చి భుజమ్మీద చెయ్యి వేస్తే అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆయన్ను మీలో చాలామంది ఎరగరు. పేపర్లో పేరు పడిన మనిషి కాదు. పులివెందులకు పడమర గుట్టల్లో ఉన్న సుగాలి తాండాలో పుట్టి, ఆ తాండాలో అందరికంటే ముందు ఎనిమిదో తరగతి ప్యాసై, ట్రైనింగు అయి, రాజుపాలెం దిక్కు పల్లెల్లో చాలా ఏళ్లు పంతులుగా చేసినాడు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని ఊరూరా తోరణాలు కట్టిన ఏడాదే ఉద్యోగం వదిలేసి తాండాకు తిరిగొచ్చినాడు. ఎందుకప్పా అని అడిగినవాళ్లకు ఆయన చెప్పే జవాబు ఒకటే.

"మీ బాషకు రాజ్యమొచ్చె. శానా సంతోషం. మా బాషకు ఒక కొట్టమన్నా రావల్ల గదా."

నన్ను ఆయన పట్టుకున్నది ప్రొద్దుటూరులో, మా అబ్బా టైలరు కొట్లో. చొక్కా కొలత ఇవ్వడానికి వచ్చినాడు. నేను ట్రైనింగు ముగించి, ఉద్యోగం లేక, అబ్బాకు కాజాలు కుడుతూ కూర్చున్నాను. కొలత ఇస్తూ ఇస్తూ నా వైపు తిరిగి అడిగినాడు.

"మీ ఇంట్లో నీళ్లను ఏమంటారు పాపా?"

"పానీ."

"మేము పాణీ అంటాం. రొట్టెను?"

"రోటీ."

"మేము బాటీ అంటాం. సగం వచ్చేసె పో. మిగతా సగం మా పిల్లోళ్లు నేర్పిస్తార్లే."

ఇంట్లో మా అమ్మీ ఒప్పుకోలేదు. గుట్టల్లోకి, సుగాలోళ్ల తాండాకు ఆడపిల్లను ఎట్ల పంపిస్తావని అబ్బాను నిలదీసింది. అబ్బా మెడలో టేపు తీయకుండానే, "బడికే కదా పంపేది, లడాయికి కాదు కదా" అన్నాడు. పులివెందులలో ఖాలా ఇల్లు ఉండటం నా అదృష్టం. రోజూ సగం దూరం బస్సు, మిగతా సగం నడక. అట్లా నేను తాండాకు బీబమ్మ టీచరునయినాను.

బడి తాండావాళ్లే కట్టుకున్నారు. గోడలు గుట్ట రాయి, పైన బోదగడ్డి కప్పు. కింద మాత్రం నల్లటి నాపరాళ్లు పరిపించినాడు అయివారు. పలకలు కొనే పని లేకుండా పిల్లలు ఆ నేల మీదే సుద్దతో రాసుకునేవాళ్లు. ఎవరి బండ వాళ్లది. సాయంత్రం తడిగుడ్డతో ఎవరి బండ వాళ్లు తుడుచుకుని ఇంటికి పోయేవాళ్లు.

పక్క ఊరి పెద్దరైతు ఒకాయన మంచి మనసుతో బడికి టేకు తలుపు చేయించి బండిలో పంపించినాడు. ఇత్తడి గొళ్లెంతో సహా. అంత బాగున్న తలుపు నేను ప్రొద్దుటూరు షావుకార్ల ఇళ్లలో తప్ప చూడలేదు. అయివారు దాన్ని చేత్తో నిమిరి, బాగుందన్నాడు. తర్వాత నాలుగు రాళ్లు తెప్పించి, వాటి మీద ఆ తలుపును పడుకోబెట్టి, బళ్లో అరుగు చేసినాడు. బండి తోలుకొచ్చిన జీతగాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఇదేంది అయివారూ! తలుపును ఇట్ల పండబెట్టినావు? మా రెడ్డికి ఏమని చెప్పల్ల?"

"కూసునేదానికి శానా బాగుందని చెప్పు. తలుపంటే మూసేదానికే గదప్పా పెట్టేది. మూస్తే బయట నిలబడేది మా యాడీలే."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. ఆ రెడ్డి కొన్నాళ్లు అలిగినాడు. తర్వాత ఒకనాడు తనే వచ్చి ఆ అరుగు మీద కూర్చుని పాఠం విని పోయినాడు.

ఆ అరుగు మీదే బడి సగం నడిచింది. తాండాలో పెద్దవాళ్లు వంతు వేసుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఒక తాత ఎద్దుల మీద ఉప్పు మోసిన తన తాతల దారులు చెప్పేవాడు. ఆ దారులు మేము నేల మీద గీసి, ఇది పెన్న, ఇది పాపాఘ్ని, ఇది గండి అని భూగోళం చెప్పేవాళ్లం. ఆడవాళ్లు గుడ్డకు అద్దాలు కుట్టుకుంటూ కూర్చుంటే, వరసకు ఎన్ని, మూడు వరసలకు ఎన్ని అని ఎక్కాలు చెప్పేవాళ్లం. మొదటి ఏడాదంతా పిల్లలు వాళ్ల మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లు. తెలుగు రెండో ఏడాది మొదలు, అదీ వాళ్ల మాటతో కలిపే. పత్తి తీసే కాలంలో తాండా జమ్మలమడుగు నల్లరేగడి దిక్కు కూలికి పోతే, బడి కూడా మూట కట్టుకుని వాళ్ల వెంబడి పోయేది. చేలగట్ల మీద వేపచెట్ల కింద నేను పాఠం చెప్పిన రోజులు ఉన్నాయి. ఆ ఎండకు నా ముఖం నల్లబడిందని మా అమ్మీ అయివారిని తిట్టని రంజాను లేదు.

రోజూ అరుగు మీదికి వచ్చేవాళ్లలో ఆయన యాడి ఒకతె. పొడుగ్గా, ఎముకలు తేలిన మనిషి. చేతుల నిండా గాజులు. పిల్లలకు పాటలు నేర్పేది. గుమ్మంలో కొడుకు కనబడగానే రెండు చేతులూ జోడించి, "అయివారూ, దండాలు" అనేది. కన్నతల్లి కొడుక్కు దండం పెట్టడం నాకు వింతగా ఉండేది. వాళ్ల ఆచారమేమో అనుకుని ఊరుకున్నాను.

ఆచారం ఏదో నాకు తెలిసింది మొదటి ఎండాకాలం సెలవులయి తిరిగొచ్చిన రోజు. బడి దగ్గరికి వచ్చీరాకముందే నలుగురైదుగురు ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసి, తల నా భుజానికి ఆనించి, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టినారు. ఊరికే ఏడవడం కాదు, రాగం తీస్తూ. "ఎవరు పోయినారు? అయ్యో, ఎవరు పోయినారు చెప్పండి!" అని నేనూ కేకలు. పిల్లలు నన్ను చూసి ఒకటే నవ్వు. అంతలో అయివారు లోపలినుంచి వచ్చినాడు.

"ఎవరూ పోలేదు బీబమ్మా, నువ్వే వచ్చినావు. శానా దినాలకు మనిషి కనబడితే మా ఆడోళ్లు ఇట్లనే ఏడుస్తారు. నువ్వు లేనప్పుడు పడిన కష్టమంతా పాటలో చెప్తారు. వాళ్లొక మాట అంటే నువ్వొక మాట అనల్ల. ఏడు, ఏడు, సిగ్గుపడాకు."

నాకు ఏడుపు రాలేదు. ఒకామె నా వంతు కూడా తనే ఏడ్చింది. అయినాక చెంబుతో నీళ్లిచ్చినారు. ఏడ్చినాక నీళ్లివ్వడం వాళ్లలో తప్పనిసరి. గొంతు తడారిపోతుంది కదా. చావు ఏడుపు వేరే, ఈ ఏడుపు వేరే. రాగమే వేరు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం అందరూ పోయినాక నేనే అడిగినాను. నాకు నోరు ఊరుకోదు. "అందరూ ఇట్లా ఏడుస్తారు కదా, మరి మీ అమ్మ మీకెందుకు దండం పెడుతుంది?" అన్నాను. ఆయన సుద్దముక్క చేతిలో తిప్పుతూ చెప్పినాడు.

ప్రొద్దుటూరులో ఆయన చదివిన బడికి పెద్ద గేటు ఉండేది. ఒక సంతరోజు వాళ్లమ్మ తేనె అమ్ముకోవడానికి వచ్చి, కొడుకును చూడాలని ఆ గేటు ముందర నిలబడింది. లోపలికి రానీలేదు. బడి వదిలినాక కొడుకు బయటికి రాగానే మెడ చుట్టూ చేతులేసి, రాగం తీసి ఏడ్చింది. పిల్లలందరూ మూగినారు. ఎవరు చచ్చినార్రా అని ఒకడు, సుగాలామె పాట పాడుతోందిరా అని ఇంకొకడు.

"నేను యాడి చేతులు తోసేసినా బీబమ్మా. ఎవరూ చావలేదు, గమ్మునుండు అన్యా. అదీ తెలుగులో అన్యా. ఆయమ్మ టక్కున ఆపేసి, నన్ను ఎగాదిగా చూసి, దండం పెట్టి పోయినాది. ఆ పొద్దునుంచి నాకు దండమే. కాళ్లు పట్టుకున్యా. నాకేం కోపం లేదు అయివారూ అన్యాది. కోపమన్నా ఉంటే బాగుండు."

అప్పుడు నాకు తలుపు సంగతి అర్థమయింది. సంవత్సరాల తరబడి ఊరూరా పాఠాలు చెప్పి, చివరికి ఉద్యోగం వదిలి ఈ గుట్టల్లోకి ఎందుకొచ్చినాడో కూడా అర్థమయింది. ఆయన కోరిక పెద్దదేం కాదు. చదువుకున్న పిల్లోడు ఒకడైనా అమ్మ చేతులు తోసేయకుండా ఉండాలి. అంతే.

రెండో ఏడాది ఇన్‌స్పెక్టరు గారు వచ్చినారు. ఆయన సరేనంటేనే బడికి గుర్తింపు. లేకపోతే పిల్లలు ఎంత చదివినా పై తరగతికి పులివెందుల బళ్లో చేర్చుకోరు. నేను ముందురోజే పిల్లలందరికీ తలలు దువ్వించి, తెలుగు పద్యాలు వల్లె వేయించినాను. ఇన్‌స్పెక్టరు గారు కూర్చున్నారు. మా బడికి మొదటగా వచ్చి చేరిన ఆడపిల్ల, మా తొలిపాప, లేచి పద్యం మొదలుపెట్టింది. రెండో పాదంలో ఉండగా దాని అవ్వ, వేరే తాండానుంచి అప్పుడే దిగిన ముసలామె, నేరుగా బళ్లోకి వచ్చేసింది. తలుపా పాడా, ఆపేవాళ్లెవరు? మనవరాలి మెడ పట్టుకుని గొంతెత్తింది. ఆ పిల్ల పద్యం వదిలేసి, అవ్వ భుజమ్మీద తల పెట్టి, తనూ రాగం అందుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు గబుక్కున లేచి నిలబడ్డారు. "అయ్యో పాపం, ఎవరు పోయినారమ్మా?" అన్నారు. నేను అయివారి వైపు చూసి, ఆపమని చేత్తో సైగలు చేస్తున్నాను. ఒక్క మాటంటే ఆ ముసలామె బయటికి పోయేది. ఆయన అనలేదు. తల వంచుకుని, ఆ ఏడుపు మొత్తం అయ్యేదాకా కూర్చున్నాడు. అయినాక తనే లేచి పోయి ఇద్దరికీ చెంబుతో నీళ్లిచ్చినాడు.

"ఎవరూ పోలేదు సార్. అవ్వ వచ్చినాది. మీరు కలిస్తే నవ్వుతారు, మావోళ్లు కలిస్తే ఏడుస్తారు. అంతేగానీ ఇంకేం లేదు."

"బళ్లోనేనా?"

"బళ్లోనే సార్. బళ్లో సిగ్గుపడితే ఇంక ఎక్కడా ఏడవరు."

ఇన్‌స్పెక్టరు గారు చెడ్డమనిషి కాదు. చాలాసేపు ఆ నేలమీది రాతలు చూస్తూ తిరిగినారు. చివరికి ఒకటో తరగతి దాకా వాళ్ల మాటలో చెప్పుకోండి, రెండునుంచి తెలుగులోనే ఉండాలి అని గుర్తింపు ఇచ్చి పోయినారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క ఏడాదికి ఏం చెప్తాం మన తలకాయ అని కసురుకున్నాను.

"ఒక సంవత్సరం తక్కువేం గాదు బీబమ్మా. నేను యాడిని మర్సిపోయేదానికి అంతకంటే తక్కువే పట్టినాది" అన్నాడాయన.

అప్పటినుంచి ఎనిమిదేళ్లు బడి నడిచింది. మధ్యలో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. మా బోద కప్పు మాత్రం ఏటా మేమే మార్చుకున్నాం. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఆ చొక్కాలు ఉతకలేక చస్తున్నామని ఇంట్లోవాళ్లు గొణిగేవాళ్లు. కొట్టడం ఎరగడు. మరీ అల్లరి చేసిన పిల్లోణ్ణి అరుగు మీద ఆయన యాడి పక్కన కూర్చోబెట్టేవాడు. ఆమె వాడి చెవి పట్టుకుని పాటంతా పాడించేది. కొడుకు వైపు మాత్రం దండం పెట్టడానికి తప్ప చెయ్యి ఎత్తేది కాదు.

ఆయన పోయిన ఏడాదే మా తొలిపాప పులివెందుల హైస్కూల్లో చేరి హాస్టల్లో ఉంది. పట్నం పిల్లల మధ్య ఎట్లుంటుందో అని నాకంటే ఆయనకే బెంగ. నాలుగురోజులకోసారి నన్ను అడిగేవాడు.

"జడలేసుకుంటాందా? సావాసగత్తెలుండారా? వాళ్ల ముందర మన మాట మాట్లాడతాందా?"

ఆ పిల్ల మాట్లాడటం లేదు. ఒకనాడు బజార్లో తన తాండా ఆడవాళ్లు కనబడితే పక్క సందులోకి తిరిగిపోవడం నేను చూసినాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేక, "బాగుంది అయివారూ" అనేదాన్ని. ఆయనకు తెలియదా? కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ బండెక్కేటప్పుడు, ఎక్కాల సంగతి చెప్పినాక, మళ్లీ పిలిచి అన్నాడు.

"దసరా సెలవులకు ఆ పిల్ల వస్తాది. వాళ్లవ్వ మెడ పట్టుకుంటే తిరిగి ఏడుస్తాదో, తోసేస్తాదో సూడు. మన బడికి అదే పరీక్ష. ఇన్‌స్పెక్టరు పెట్టేది గాదు."

దసరా రాకముందే ఆయన పోయినాడు.

కండక్టరు చెప్పిపోయినాక నేను హాస్టలుకు పోయి ఆ పిల్లను వెంట తీసుకుని బస్సెక్కినాను. దారంతా దాని కంట నీరు లేదు. ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హైస్కూల్లో పట్నం ఆడపిల్లలు అందరూ ఎట్లా కూర్చుంటారో అట్లనే. నాకు లోపల భయం పట్టుకుంది. అయివారూ, మీరు చూడకుండా పోవడమే మంచిదయిందేమో అనుకున్నాను.

మేము పోయేసరికి ఆయన్ను బళ్లోకి తెచ్చినారు. తలుపు అరుగు మీద పడుకోబెట్టినారు. జేబులో సుద్దముక్క అట్లనే ఉంది. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చావు ఏడుపు ఏడుస్తున్నారు. రెడ్డి వచ్చి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన యాడి ఇంకా రాలేదు. గుట్టమీద కట్టెలకు పోయి ఉంటే మనిషిని పంపినారు.

ఆమె వచ్చింది. గుమ్మంలో నిలబడింది. అలవాటుగా చేతులు జోడిస్తుందని అందరమూ చూస్తున్నాం. ఆమె చేతులు జోడించలేదు. నేరుగా వచ్చి అరుగు మీద కూర్చుని, కొడుకు మెడ కిందికి ఒక చెయ్యి పోనిచ్చి, తల ఆయన భుజానికి ఆనించి, గొంతెత్తింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. అది చావు రాగం కాదు. దూరం నుంచి వచ్చినవాళ్లకు ఏడ్చే రాగం.

"వచ్చినావా నా కొడుకా, ఎన్ని ఎండాకాలాలకు వచ్చినావు నా కొడుకా" అని ఆమె వాళ్ల మాటలో పాడి ఆగింది. ఆ ఏడుపులో వచ్చినవాళ్లు తిరిగి ఒక మాట అనాలి. ఆమె ఆగి, ఆయన వంతు కోసం కాచుకుంది. మళ్లీ అందుకుంది. "దారిలో నీళ్లు దొరికినాయా నా కొడుకా, ఎవరింట బాటీ తిన్నావు నా కొడుకా." మళ్లీ ఆగింది. ఆ ఆగడం చూడలేక రెడ్డి బయటికి వెళ్లిపోయినాడు. ఎవరం నోరు తెరుస్తాం? ఆమె అడుగుతున్నది కొడుకును.

నా పక్కనుంచి ఆ పిల్ల లేచింది. ఓణీ నడుముకు చెక్కుకుని, పోయి అరుగు మీద ఆ అమ్మకు ఇవతల కూర్చుని, ఆమె భుజమ్మీద తల పెట్టింది. హైస్కూలు జడలు రెండూ ముందుకు పడినాయి. రాగం ఎత్తుకుంది. ఒక్క మాట తడబడలేదు.

"వచ్చినా యాడీ. దారి చాలా దూరం యాడీ. ఎండ చాలా కాసింది యాడీ. నీళ్లు దొరకలేదు యాడీ."

ఆ అమ్మ కొడుకు ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు. ఆమె ఒక మాట, పిల్ల ఒక మాట. ముప్పై ఏళ్లకు పైబడి ఆమె దాచుకున్నదంతా ఒక్కొక్కటే చెప్పింది. తేనె ఆ రోజు అమ్ముడుపోలేదన్న సంగతి కూడా చెప్పింది. నేను గోడకు ఆనుకుని, రాగం రాకపోయినా, వెక్కి వెక్కి ఏడ్చినాను. పరీక్ష ప్యాసయింది అయివారూ, మీరొక్కరే లేరు అని నాలో నేనే చెప్పుకున్నాను.

అయినాక ఆమె కళ్లు తుడుచుకుని, "పాణీ" అన్నది. పిల్ల పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె తాగలేదు. చెంబును ఆయన తల దగ్గర, ఆ తలుపు మీదే పెట్టి, జుట్టులోంచి లారీ దుమ్ము వేళ్లతో తీస్తూ కూర్చుంది. మగవాళ్లు వచ్చి ఇంక లేపల్ల యాడీ అనేదాకా తీస్తూనే ఉంది.

అందరూ ఆయన్ను ఎత్తుకుని గుట్ట దిగువకు పోయినారు. నేను ఒక్కదాన్నే బళ్లో మిగిలినాను. నేల మీద మూడో తరగతివాళ్లు నిన్న రాసి తుడవడం మరిచిపోయిన ఎక్కాలు, ఇంతమంది తొక్కినా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. అరుగు మీద చెంబు నిండుగా ఉంది. తలుపు లేని గుమ్మంలోంచి గాలి వచ్చినప్పుడల్లా నీళ్లు కొద్దిగా కదులుతున్నాయి.